గుర్తులు లేని మాట

“అన్నా, తెరుచుకుందా?”

బుధవారం ఉదయం దియెమ్ ఈ మాట అడగడం అది మూడోసారి. మొదటిసారి బండి దిగకుండానే అడిగాడు. రెండోసారి చేతిలో రాగితీగ చుట్ట పట్టుకొచ్చి, ఏదో అటుగా పోతూ ఆగినట్టు నిలబడ్డాడు. మూడోసారి ఆ నాటకం కూడా మానేసి, నా బల్ల పక్కకు ప్లాస్టిక్ పీట లాక్కుని కూర్చున్నాడు.

“ఇంకా మూతే తియ్యలేదురా. పోయి నీ మోటార్లు చుట్టుకో. నా పని నన్ను చేసుకోనీ.”

“చేసుకో అన్నా. ఊరికే అడిగాను.”

ఊరికే కాదని ఇద్దరికీ తెలుసు. నా బల్ల మీద ఉన్నది కూక్ పిన్ని నెట్ షాపులో కిటికీ పక్కన ఉండే పాత కంప్యూటరు. ఒకప్పుడు తెల్లటి డబ్బా. ఇప్పుడు పొగతాగేవాడి పళ్ల రంగుకు తిరిగింది. ఇరవై రెండేళ్లు నడిపిన షాపును పిన్ని వచ్చే ఆదివారంతో మూసేస్తోంది. పాత ఆటగాళ్లందరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. హైఫాంగ్ రేవులో క్రేను నడిపే తోవాన్‌కు ఫోను చేస్తే, వస్తానని చెప్పకముందే వాడు ఒక సంగతి అడిగాడట.

“పిన్నీ, నేను కూర్చునే మిషను ఉందా? ఆ రోజు ఆట దాంట్లో దాచే ఉంటుంది. బాగుచేయించి పెట్టు. అందరి ముందూ వేసి చూద్దాం. ఎవడు అబద్ధం చెప్పాడో తేలిపోవాలి.”

పంతొమ్మిదేళ్లుగా అబద్ధం చెప్పినవాడిగా పేరు మోస్తున్నది దియెమ్. మిషను బాగుచేసే పని నాకు వచ్చింది.

దియెమ్ అంటే మా భాషలో నెమ్మది, నిలకడ. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డ సంగతి ఏమీ తెలియదనుకోవాలి. షాపుకు తాళం వేసి సందు చివరిదాకా నడిచి, తాళం పడిందో లేదోనని వెనక్కి వచ్చే మనిషి. నీళ్ల పంపులు, ఫ్యాన్లు, ధాన్యం మర మోటార్లు, కాలిపోయినది ఏదైనా తెస్తే తీగ చుట్టి ఇస్తాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వాళ్ల నాన్న పనిచేసే బట్టల మిల్లులో మనుషుల్ని తగ్గించినప్పుడు, తుక్కులో పడేసిన మోటార్లు నాలుగు ఆయన సైకిలు మీద ఇంటికి తెచ్చాడు. పదిహేడేళ్ల దియెమ్ వాటిని ఒక్కొక్క చుట్టే విప్పుతూ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఎన్ని చుట్లు, ఎంత మందం తీగ, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి పోయింది. విప్పడం వచ్చాక చుట్టడం వచ్చింది. నేను టీవీలూ కంప్యూటర్లూ బాగుచేస్తాను, చేతిపని అంటే ఏమిటో కాస్త తెలుసు. దియెమ్ చుట్టిన మోటారు మూత తీసి చూస్తే మళ్లీ మూయబుద్ధి కాదు. తీగ మీద తీగ ఎక్కదు.

వాడి గురించి మా సందులో అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. పొలంలో పంపు ఆగిపోయిందని ఎవరైనా పిలిస్తే తింటున్న గిన్నె కింద పెట్టి బయల్దేరతాడు. ‘రేపు వస్తా’ అన్న మాట వాడి నోట నేను వినలేదు. ఫోనులో మెసేజీ రాయడు. ఎంత చిన్న సంగతైనా ఫోను చేసి నోటితో చెబుతాడు. చెప్పినదాన్ని అవతలివాడి చేత మళ్లీ ఒకసారి చెప్పించుకుంటాడు. జనం దాన్ని చాదస్తం అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఆ ఆట మధ్యయుగాల రాజ్యాల ఆట. నాలుగు గొర్రెలు, ముగ్గురు పనివాళ్లతో మొదలవుతుంది. చెట్లు కొట్టాలి, పొలం వేయాలి, రాయి తవ్వాలి, కోట కట్టాలి. చివరకు గుర్రాలతో, బల్లేలతో, రాళ్లు విసిరే యంత్రాలతో ఎదుటివాడి మీద పడాలి. మన మనుషులు చూసినంత మేరే నేల కనబడుతుంది, మిగతాదంతా చీకటి. అప్పట్లో మా ఊరు నామ్ దిన్‌లో ఇరవై ఏళ్లవాళ్లకు అంతకు మించిన లోకం లేదు. తోవాన్, దియెమ్ ఒక జట్టు. తోవాన్‌ది ఎరుపు, దియెమ్‌ది ఆకుపచ్చ. తోవాన్ ముందుకు దూకేవాడు. దియెమ్ వెనక ఉండి ధాన్యం, గుర్రాలు సిద్ధం చేసి సమయానికి అందించేవాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో నూడుల్స్ తినేవాళ్లు, ఒకరి చొక్కా ఒకరు వేసుకునేవాళ్లు.

పక్క ఊరు థాయ్ బిన్ జట్టుతో ఆఖరి ఆట ఒక మధ్యాహ్నం పిన్ని షాపులోనే జరిగింది. జట్టువాళ్లు మాట్లాడుకోకూడదని ఒకణ్ని కిటికీ దగ్గర, ఇంకొకణ్ని వంటగది గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఏం చెప్పుకోవాలన్నా ఆటలోనే రాసుకోవాలి. నలభై నిమిషాలు గడిచేసరికి ఎరుపు కోట చుట్టూ శత్రువులు మూగారు. దియెమ్ దగ్గర నలభై గుర్రాలున్నాయి, కోటకు దగ్గరలోనే ఉన్నాయి. కోట కూలింది. గుర్రాలు రాలేదు.

తోవాన్ హెడ్‌ఫోన్ పీకి నేలకేసి కొట్టాడు.

“వచ్చెయ్, ఆగొద్దు అని రాశాను కదరా! నీకు చదవడం రాదా?”

“ఆగమనే రాశావు! నా కళ్లతో చూశాను!”

“కోట తగలబడుతుంటే ఎవడైనా ఆగమంటాడా?”

వెనక నిలబడిన మేము యుద్ధాన్నే చూశాం గానీ ఆ రాతను చదవలేదు. అందరం తోవాన్ వైపే తలూపాం. ఆ నెలలోనే తోవాన్ రేవు పనికి వెళ్లిపోయాడు. తర్వాత చాలా ఏళ్లు టీ కొట్టు దగ్గర దియెమ్ కనబడగానే ఎవడో ఒకడు, “గుర్రాలు మేశాయా?” అనేవాడు. దియెమ్ నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ని. అడిగినవాణ్ని మాత్రం ఒక్కనాడూ ఆపలేదు. ఆడిన ఆటలు వాటంతట అవే మిషనులో మిగిలి ఉంటాయని అప్పుడు మాకెవరికీ తెలియదు. తోవాన్‌కు రేవులో ఎవరో ఈమధ్యే చెప్పారట.

మధ్యాహ్నానికి మూత తీశాను. లోపల బొద్దింకల గుడ్లు, అరచేతి మందం దుమ్ము. కరెంటు ఇచ్చే పెట్టెలో నాలుగు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి, మార్చాను. చిన్న బ్యాటరీ చచ్చింది, మార్చాను. భయమంతా డిస్కు గురించే. కరెంటు పెట్టగానే గోటితో కిటికీ మీద కొట్టినట్టు ‘టిక్... టిక్’ అంది. అలాంటి డిస్కును ముందే తెరిచి చూడాలని ఆశపడితే అది ఆఖరి చూపు అవుతుంది. ముందు మొత్తం ఇంకో డిస్కులోకి నకలు తీయాలి. నకలు మొదలుపెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. దియెమ్ నా పక్కనే ఉన్నాడు.

అంకెలు మెల్లగా కదిలాయి. అరవై ఒకటి దగ్గర ఆగిపోయాయి.

“పోయిందా అన్నా?”

“చూడాలి.”

“ఒకవేళ పోతే?”

“పోయిందని పిన్నికి చెబుతాను.”

దియెమ్ కాసేపు తన వేళ్ల వైపు చూసుకున్నాడు. తీగ కోసుకుపోయిన గీతలు ఆ వేళ్ల నిండా ఉంటాయి.

“పోకపోయినా... పోయిందని చెప్పొచ్చు కదా?” అన్నాడు. అని వెంటనే లేచి నిలబడ్డాడు. “లేదులే. నేనేమీ అనలేదు. నువ్వు వినలేదు.”

చచ్చిన డిస్కుల్ని చచ్చాయని చాలామందికి చెప్పాను. బతికున్నదాన్ని చచ్చిందని చెప్పిన రోజు లేదు. కానీ ఆ క్షణంలో అరవై ఒకటి దగ్గర అది నిజంగానే ఆగిపోతే బాగుండునని నాకూ అనిపించింది. అది కదిలింది. అరవై రెండు. అరవై మూడు.

“వాడు రాసింది చదివావు కదా, నీకెందుకురా అంత భయం? అది కనబడితే నీకే మంచిది,” అన్నాను.

“చదివాను అన్నా. చదివానని పంతొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. చెప్పీ చెప్పీ, ఇప్పుడు చదివింది గుర్తుందో, చెప్పింది గుర్తుందో తెలియట్లేదు.”

నకలు పూర్తయ్యేసరికి నాలుగు దాటింది. ఆట తెరుచుకుంది. ఆ పాత డప్పుల సంగీతం వినబడగానే దియెమ్ పీట ముందుకు జరుపుకున్నాడు.

“దాచిన ఆట తర్వాత చూద్దాం. ముందు ఒకసారి ఊరికే ఆడనా?”

ఆడాడు. మౌసు పట్టుకోగానే ఆ చెయ్యి వాడిది కానట్టు దానంతట అదే పోయింది. గొర్రెలు గుమ్మం ముందుకు వచ్చాయి, ఇద్దరు చెట్ల దగ్గరికి, ఒకడు పళ్ల పొదల దగ్గరికి. ఏ బొమ్మకు ఏ మీట నొక్కాలో వాడు ఆలోచించలేదు. మధ్యలో ఇల్లు కట్టడం మరిచిపోయి, మనుషులు పుట్టడం ఆగిపోతే, “అయ్యో, ముసలాణ్ని అయిపోయానన్నా!” అని నవ్వాడు. ఆ వారంలో వాడు నవ్వడం నేను చూసింది అదొక్కసారే. పది నిమిషాలకు చెయ్యి తీసేశాడు.

“ఎంత చిన్నగా ఉంది! అడవి చివర నుంచి కోటదాకా జానెడు కూడా లేదు. అప్పుడు ఎంత దూరం అనిపించేదో.”

తర్వాత దాచిన ఆటల జాబితా తెరిచాను. తేదీ చూసి పట్టుకున్నాం. అలా దాచిన ఆటను ఎవరి కళ్లతో కావాలంటే వాళ్ల కళ్లతో చూడొచ్చు. ఎరుపును ఎంచుకుంటే తోవాన్‌కు ఏం కనబడిందో అంతే కనబడుతుంది, మిగతాది చీకటి. మొదట ఎరుపు వైపు నుంచి వేశాను.

నలభై నిమిషాలు తెరకేసే చూస్తూ కూర్చున్నాం. కోట గోడకు మంటలు అంటుకున్నాయి. నలభై ఒక్క నిమిషాల పది సెకన్ల దగ్గర, తెర పైన ఎడమ మూల ఎర్రటి అక్షరాలు పడ్డాయి. నేను ఆపేశాను.

‘దుంగ్ చో.’

అంతే. వచ్చెయ్ అన్న మాట లేనే లేదు.

మా రాతలో అక్షరం మీద పెట్టే గుర్తే గొంతు. దుంగ్ మీద గీత పైకి లేస్తే నిలబడు, కిందికి వాలితే వద్దు. చో అంటే ఎదురుచూడటం. ఒక గుర్తుతో అది ‘నిలబడి ఉండు, ఆగు’. ఇంకో గుర్తుతో ‘ఆగొద్దు’. ఆ ఆటకు మా గుర్తులు రావు. రోజంతా బోడి అక్షరాలే కొట్టుకునేవాళ్లం. ఎదుటివాడు గుర్తులు తనకు తానే తగిలించుకుని చదువుకునేవాడు. తోవాన్ ఒక గుర్తుతో రాశాడు. దియెమ్ ఇంకో గుర్తుతో చదివాడు. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరి చెవుల్లోనూ ఎవరి గుర్తులు వాళ్లకే మోగుతున్నాయి.

“ఒరేయ్,” అన్నాను, “నువ్వు బతికిపోయావురా! ఇద్దరిదీ తప్పు కాదు.”

దియెమ్ ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. గ్లాసులో చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశాడు. లేస్తాడనుకున్నాను. లేవలేదు. ఖాళీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి, “ఆకుపచ్చ వైపు నుంచి వెయ్యి అన్నా,” అన్నాడు.

వేశాను. ఇప్పుడు చీకటి తొలగిపోయి నలభై గుర్రాలు కనబడ్డాయి. వాగు దాటి బారుగా వస్తున్నాయి. దిబ్బ ఎక్కగానే కోట చుట్టూ ఉన్న బల్లెం సైన్యం కనబడింది. నలభై నిమిషాల యాభై సెకన్లు. ముందు వరుస ఒక్క క్షణం తడబడింది. తర్వాత నలభై గుర్రాలూ ఒకేసారి వెనక్కి తిరిగి, దిబ్బ దిగి, అడవి చాటుకు పోయి నిలబడ్డాయి. ఇరవై సెకన్లు గడిచాక ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

ఆగమన్న మాట రాకముందే వాడు ఆగాడు.

నేను దియెమ్ వైపు చూడలేదు. స్క్రూడ్రైవర్లు సర్దడం మొదలుపెట్టాను, అవి సర్దే ఉన్నా.

“ఆదివారం ఎవరూ ఈ వైపు నుంచి చూడరు,” అన్నాడు చివరికి. “తోవాన్ తన వైపు నుంచే వేయమంటాడు. ఆ మాట చూస్తారు. అంతే కదా?”

“అంతే.”

“నువ్వు చెబుతావా?”

“మిషను బాగుచేయడం నా పని. బాగుచేశాను.”

వాడు వెళ్లిపోయాడు. ఆ రోజు తన షాపు తాళం చూసుకోవడానికి కూడా వెనక్కి రాలేదు.

శుక్రవారం ఉదయం వాడి భార్య మియెన్ వచ్చింది. పొద్దున పూట బియ్యప్పిండి ఆవిరి చుట్టలు అమ్ముతుంది. బేరం ముగించుకుని, ఒక పళ్లెం నాకు తెచ్చి బల్ల మీద పెట్టింది, కొంచెం గట్టిగానే.

“అన్నయ్యా, మీ తమ్ముడికి ఏం చూపించారు?”

“ఏం చూపిస్తాను అమ్మా? పాత ఆట.”

“ఆటలో చచ్చినోళ్ల కోసం ఇంట్లో బతికున్నోళ్లు పస్తులుండాలా? రెండు రోజులైంది, అన్నం గిన్నె ముందు పెట్టుకుని కెలుకుతున్నాడు. నిన్న ఎవరో రైతు పంపు మోటారులో ఒక చుట్ట ఉల్టా చుట్టాడు తెలుసా? తీసుకెళ్లి బిగిస్తే గుర్రుగుర్రుమంటోంది గానీ తిరగట్లేదంట. మళ్లీ విప్పి కూర్చున్నాడు. పెళ్లైనకాడి నుంచి ఒక్కటి ఉల్టా చుట్టలేదు ఈ మనిషి.”

“ఆదివారం దాటితే సర్దుకుంటాడు.”

“ఆ తోవాన్ వచ్చి కొడతాడా ఏంటి? కొడితే కొట్టించుకోమనండి, ఒక పనైపోతుంది. అంతా కలిపి బొమ్మల గుర్రాలే కదా!”

“ఆ మాట వాడితో అనకు.”

“అన్నాను. ‘బొమ్మలు కావు’ అని పోట్లాడాడు.” గుమ్మం దాకా వెళ్లి ఆగింది. “నాకు ఒక్కటి చెప్పండి. ఆయన తప్పేమైనా ఉందా?”

నేను ఆవిరి చుట్టను చేపల పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాను. నోరు నిండుగా ఉంటే జవాబు చెప్పక్కర్లేదు. మియెన్ తెలివైనది. ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

ఆదివారం సన్నటి జల్లు. పిన్ని షాపులో మిషన్లన్నీ అప్పటికే తీసేశారు. నేల మీద చాపలు పరిచారు. కిటికీ పక్క బల్ల ఒక్కటే మిగిలింది, దాని మీద నేను బాగుచేసిన డబ్బా. పదిహేనుమంది దాకా వచ్చారు, అందరికీ పొట్టలు వచ్చాయి. దియెమ్ పదిన్నరకే మియెన్‌తో వచ్చి వంటగదిలో పిన్నికి ఉల్లికాడలు తరిగిపెడుతున్నాడు. ఎవరూ అడగకపోయినా మూడు కట్టలు తరిగాడు.

“చాలురా నాయనా, నామ్ దిన్ మొత్తానికి వడ్డించాలా?” అని పిన్ని కత్తి లాక్కుంది.

తోవాన్ పదకొండున్నరకు వచ్చాడు. ఎండకు నల్లబడిన పెద్ద మనిషి. అందరి భుజాలూ చరిచాడు. దియెమ్ ముందుకు వచ్చేసరికి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“బాగున్నారా మీరు?” అన్నాడు.

“బాగున్నాను. మీరు?”

“దేవుడి దయ.”

“ఇదేం మర్యాదరా!” అంది పిన్ని. “ఆఫీసులో అర్జీ పెట్టుకున్నట్టు. ఒకే చొక్కా మార్చి మార్చి తొడుక్కున్న వెధవలు!”

తోవాన్ కిటికీ దగ్గర తన పాత చోట కూర్చున్నాడు. “అన్నా, నా వైపు నుంచి వెయ్యి. ముప్పై ఎనిమిదో నిమిషం నుంచి చాలు,” అన్నాడు నాతో. మిగతావాళ్లు వెనక మూగారు. దియెమ్ వంటగది గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, ఆ రోజు కూర్చున్న చోటే.

కోట అంటుకుంది. “ఇప్పుడు చూడండి,” అన్నాడు తోవాన్. అక్షరాలు పడ్డాయి.

తోవాన్ ముందుకు వంగాడు. మళ్లీ వెనక్కి తిప్పి వేయమన్నాడు. మళ్లీ అదే మాట పడింది. పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదిలిస్తూ ఒకలా చదివింది, ఇంకోలా చదివింది.

“దీనికా? దీనికేనా మీరు మొహాలు తిప్పుకుని తిరిగింది?”

“ఇంకో గుర్తు పెడితే చో అంటే కుక్క కూడా అవుతుంది పిన్నీ,” అన్నాడు వెనక ఎవడో. “‘నిలబడు కుక్కా’ అని తిట్టాడేమో!”

ఒక్కసారిగా అందరూ విరగబడి నవ్వారు. తోవాన్ కూడా నవ్వబోయి, ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు. “వచ్చెయ్ అని రాసినట్టే గుర్తు నాకు. ఒట్టు. ఎంతమందికి చెప్పానో!” లేచి నిలబడి గుమ్మం వైపు తిరిగాడు. “చూడండి, నేను మిమ్మల్ని...”

ఆ గొడవ అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు. ఇంకో మాట చాలు, తోవాన్ క్షమించమని అడిగేవాడు. పదిహేనుమంది సాక్షులం. గుర్రాలు మేశాయా అని అడిగినవాళ్లందరూ అక్కడే ఉన్నారు, తలలు వంచుకుని. మౌసు నా చేతిలోనే ఉంది. దియెమ్ నా వైపు చూశాడు. ఆ ముఖంలో నాకు కనబడింది ధైర్యమేమీ కాదు. గుమ్మం పట్టు వదలకుండానే ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఉండండి,” అన్నాడు. “ఇది మీ వైపు. నా వైపు కూడా చూడండి. అన్నా, ఆకుపచ్చ.”

వేశాను. వాగు, దిబ్బ, బల్లేలు. గుర్రాలు వెనక్కి తిరిగాయి. అడవి చాటున నిలబడ్డాయి. అప్పుడు పడింది మాట.

ఈసారి ఎవరూ కుక్క గురించి మాట్లాడలేదు.

“ఎన్ని నిమిషాల దగ్గర తిరిగాయి?” అని అడిగాడు తోవాన్, నన్ను.

“నలభై, యాభై సెకన్లు.”

“నా మాట?”

“నలభై ఒకటి, పది.”

తోవాన్ దియెమ్ వైపు నడిచాడు. మియెన్ వంటగదిలోంచి గరిటెతో సహా బయటికి వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

“ఒరేయ్! మరి నేను ఆగమన్నానని ఎందుకురా అరిచావు?”

“నువ్వలా అందరి ముందూ అడిగేసరికి ఆ మాట చేతికి దొరికింది. పట్టుకున్నాను. తర్వాత వదలడం రాలేదు.”

“గుర్రాల్ని ఎందుకు తిప్పావు?”

“భయమేసింది.”

“బొమ్మల గుర్రాలు చస్తాయనా?”

“కాదు. వస్తే ఇద్దరం ఓడిపోతాం. రాకపోతే నువ్వొక్కడివి ఓడిపోతావు, నీ దూకుడు వల్ల అంటారు. అలా అనుకున్నాను. ఆ క్షణంలో అనుకున్నాను.”

తోవాన్ వెనక్కి వెళ్లి కుర్చీలో కూలబడి నా చేతిలోంచి మౌసు లాక్కున్నాడు. దిబ్బ దగ్గర ఆట ఆపి, తెర మీద వేలు పెట్టి బల్లెం మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. తప్పితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. మేమంతా నిలబడి చూశాం.

“యాభై ఎనిమిది,” అన్నాడు. “వచ్చి ఉంటే నువ్వూ చచ్చేవాడివి.”

“అవును.”

“కోట ఎలాగూ పోయేది.”

“అవును.”

“అయినా వచ్చి ఉండాల్సింది.”

“అవును. వచ్చి ఉండాల్సింది.”

తోవాన్ కరెంటు మీట ఆపేసి గుమ్మంలోకి వెళ్లి, జల్లు వైపు ముఖం పెట్టి సిగరెట్ వెలిగించుకున్నాడు.

“కోడి చల్లారిపోతోంది. కూర్చోండర్రా,” అంది పిన్ని.

మా దగ్గర భోజనం పళ్లేల లెక్కన. ఒక పెద్ద పళ్లెం చుట్టూ ఆరుగురు. ఎవరు ఏ పళ్లెం దగ్గరో పిన్నే వేలు చూపించి చెప్పింది. తోవాన్‌నూ దియెమ్‌నూ ఒకే పళ్లెం దగ్గర, ఎదురెదురుగా వేసింది. మధ్యలో నేను. సిగరెట్ అయిపోయాక తోవాన్ వచ్చి తనకు చూపించిన చోటే కూర్చున్నాడు. మరో చోటికి పోలేదు, అక్కడిదాకా నయం. ఆ పళ్లెం వడ్డన పిన్ని వాడికే అప్పజెప్పింది గనుక తినే పుల్లలతో అందరి గిన్నెల్లోనూ తలో ముక్కా వేశాడు. నాకు వేశాడు. పక్కవాడికి వేశాడు. దియెమ్ గిన్నె దాటి పుల్లలు తిరిగొచ్చాయి.

దియెమ్ ఖాళీ గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. నేను ఏదో వేయబోతే మోకాలితో నన్ను తట్టి ఆపాడు. తర్వాత తనే పుల్లలు చాచి, ఉడికించిన కోడి తొడ ముక్క ఒకటి ఎంచి తీసి, పళ్లెం మీదుగా తోవాన్ గిన్నెలో పెట్టాడు. ముక్కకు అంటిన ఉల్లికాడ ఒకటి చాప మీద పడింది.

తోవాన్ ఆ ముక్కను చూశాడు. తీసెయ్యలేదు. తినలేదు. దాని పక్క నుంచి అన్నం తిన్నాడు, వెదురు మొలకల చారు పోసుకున్నాడు, క్రేను మీద నుంచి చూస్తే ఓడలు ఎంత చిన్నగా కనబడతాయో చెప్పాడు. గిన్నె ఖాళీ అయింది, ముక్క మిగిలింది. ఇంకో గరిటె అన్నం పెట్టించుకున్నాడు. అదీ అయిపోయింది, ముక్క మిగిలింది. పక్క పళ్లెం వాళ్లు కూడా మాటలాడుతూనే వాడి గిన్నె వైపు చూస్తున్నారు. దియెమ్ మెతుకు ముట్టలేదు.

మూడోసారి అన్నం వద్దని చెయ్యి అడ్డుపెట్టాడు తోవాన్. పుల్లలు గిన్నె అంచు మీద పెట్టాడు. ఇక లేస్తాడనుకున్నాను.

“ఉప్పు ఇటు తొయ్యరా,” అన్నాడు దియెమ్‌తో.

దియెమ్ నిమ్మరసం పిండిన ఉప్పూ మిరియాల గిన్నెను రెండు చేతులతో తోశాడు. తోవాన్ ముక్కను అందులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఎముక పళ్లెం అంచున పెట్టి, “నువ్వెప్పుడు తింటావు? చల్లారిపోయింది,” అన్నాడు.

దియెమ్ అన్నం పెట్టించుకున్నాడు.